సీసాడు వంటింటి గాలి

*వంటింటి కిటికీ పక్క, ముక్కాలి పీట మీద నుంచి*

బుడగకి,

అమ్మమ్మ ఆశీస్సులు. నేనెలా ఉన్నానని నువ్వెలాగూ అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను. బాగా లేను. నువ్వు మాత్రం బాగున్నావని ఇంట్లో అందరూ చెబుతున్నారు. చూసొచ్చినట్టే చెబుతున్నారు. అక్కడ ఫోన్లన్నీ మీ మాస్టారు పెట్టెలో పెట్టి తాళం వేస్తాడట కదా. మంచి పని చేశాడు. ఫోనైతే "సిగ్నల్ లేదు అమ్మమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని ఎలా పెట్టేస్తావో నేనూ చూస్తాను. నేను చదివింది మూడో తరగతి, అదీ సగం. తప్పులు వెతుకుతూ కూర్చోకు.

ఓడలు బాగుచేసే షెడ్డులో నువ్వు వెల్డింగ్ చేస్తుంటే, ఆ నిప్పురవ్వలు తలుచుకుని ఏడాది పాటు భయపడ్డాను. సరిగ్గా ఆ భయం అలవాటవుతోంది అనుకునేసరికి, అదే పని సముద్రం అడుక్కి వెళ్ళి చేస్తానన్నావు. నిప్పొక్కటే చాల్లేదు, నీళ్ళు కూడా కలిపావు. వచ్చే ఏడు ఏం చేస్తావు? విమానం రెక్క పట్టుకుని వేలాడుతూ చేస్తావా? ముందే చెప్పు, ఇప్పటినుంచీ భయపడటం మొదలుపెడితే అప్పటికి తేరుకుంటాను.

మీ అమ్మని అడిగితే "దానికి ఇరవై నాలుగేళ్ళు, ఏం చేస్తుందో దానికి తెలుసు" అంది. నాకు డెబ్భై ఆరు కాబట్టి నాకేమీ తెలియదు. లెక్క సరిపోయింది.

తింటున్నావా? తల ఆరబెట్టుకుంటున్నావా, తడి జుట్టుతోనే పడుకుంటున్నావా? చెప్పు పట్టీ ఊడిపోయిందిగా, కుట్టించావా? పక్క మంచం పిల్ల ఎలాంటిది, గురక పెడుతుందా? చెవుల్లోకి నీళ్ళు పోతున్నాయా? అడుగున చీకటా? చేపలు కరుస్తాయా?

దీంతో పాటు ఒక ప్లాస్టిక్ సీసా పంపుతున్నాను. ఖాళీ అనుకునేవు. మన వంటింటి గాలి. పొద్దున్నే ఇల్లు ఊడ్చి, దుమ్ము అణిగాక, కిటికీ దగ్గర పట్టి మూత బిగించాను. నీళ్ళలో ఊపిరి అందకపోతే మూత తీసి పీల్చు. సొట్ట పడకుండా పాలిథీన్ సంచిలో చుట్టాను.

భయమేస్తే నీ చిన్నప్పటి మందు గుర్తుందిగా? కళ్ళు మూసుకో, గుండె నిండా పీల్చి ఊపిరి గట్టిగా బిగపట్టు. సూదికి పనిచేసింది, ఉరుముకి పనిచేసింది, లెక్కల పరీక్షకి కూడా పనిచేసింది. సముద్రానికి మాత్రం ఎందుకు పనిచేయదు?

వచ్చెయ్.

మీ అమ్మమ్మ

*రేవు, శిక్షణ షెడ్డు, పైమంచం మీద నుంచి*

గాలి కూడా పార్సిల్ చేయగల అమ్మమ్మకి,

నీ సీసా చేరింది. మాస్టారు ప్రతి పార్సిలూ అందరి ముందే విప్పిస్తారు. "ఏముంది ఇందులో?" అన్నారు. "గాలి సార్." "ఏం గాలి?" "మా వంటింటిది సార్." ఇక్కడ పదకొండు మంది డైవింగ్ నేర్చుకుంటున్నాం. మిగతా పది మందికీ ఆ సాయంత్రం వేరే వినోదం అక్కర్లేకపోయింది. ఇప్పుడు నన్ను చూడగానే "ఈ పూట వంటింట్లో ఏం గాలి?" అని అడుగుతున్నారు. నీ దయ.

నీ ప్రశ్నపత్రానికి జవాబులు. తింటున్నాను. జుట్టు ఆరబెట్టడం లేదు, రోజూ నీళ్ళలోనే ఉంటే ఆరబెట్టి ఏం లాభం? చెప్పు పట్టీ కుట్టించలేదు. గురక పెట్టేది పక్క మంచం పిల్ల కాదు, నేనేనట. చేపలు నన్ను చూసి అవే పారిపోతున్నాయి, మన వంశం పేరు విన్నాయేమో.

కానీ నీ గాలి వృథా కాలేదు. మాస్టారు దాన్ని నా బెల్టుకి కట్టుకుని దిగమన్నారు. మూత బిగించే ఉంది సుమా. పది మీటర్లు దిగి చూద్దునుగా, పళ్ళసెట్టు తీసినప్పుడు నీ బుగ్గల్లా సీసా లోపలికి పోయింది! నువ్వు పట్టిన గాలి సగం చోటులోకి ముడుచుకుంది. ఇంకో పది మీటర్లు దిగాక మూడో వంతే మిగిలింది. గాలి ఎక్కడికీ కారిపోలేదు. పైకొచ్చేసరికి మళ్ళీ నిండుగా ఉంది.

ఎందుకో నీకు అర్థమయ్యేలా చెబుతాను. బస్సులో జనం ఉన్నారు. బస్సు గోడలు దగ్గరికి జరిగి సగమైందనుకో. జనం అంతమందే. కానీ మోచేతులు రెట్టింపు తగులుతాయి, తిట్లు కూడా. గాలీ అంతే. నీళ్ళు రెట్టింపు ఒత్తిడితో నొక్కితే సగం చోటులో సర్దుకుంటుంది, మూడింతలు నొక్కితే మూడో వంతులో. ఒత్తిడి తగ్గిందా, మళ్ళీ కాళ్ళు చాపుతుంది. వేడి మారకుండా ఉంటేనే లెక్క సరిగ్గా కుదురుతుందట. మాస్టారి పక్కన నిలబడ్డప్పుడు అది కష్టం.

తర్వాత ఆయన నీ పాలిథీన్ సంచి తీసుకున్నారు. అడుగున, మేం వీపున మోసే ట్యాంకు గాలితో దాన్ని నిండా నింపి, గట్టిగా ముడివేసి వదిలారు. అది పైకి వెళ్తూ ఉబ్బింది, ఇంకా ఉబ్బింది, సగం దారిలో చిరిగిపోయింది. "చూశారా? ఊపిరితిత్తులు సీసా కాదు, సంచి. అడుగున గాలి పీల్చి, నోరు బిగించి పైకొస్తే ఇదే జరుగుతుంది" అన్నారు.

అంచేత ఇక్కడ మొదటి నియమం, ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు. నీ చిన్నప్పటి మందుకి ఇక్కడ కాలం చెల్లింది. కంగారు పడకు, నాకు ఆ అలవాటు ఎప్పుడో పోయింది.

బీపీ మాత్ర వేసుకుంటున్నావా, లేక అదీ సీసాలో పెట్టి నాకు పంపుతావా?

బుడగ

*మెట్ల కింద, సైకిల్ పంపు పక్క నుంచి*

అబద్ధాల బుడగకి,

నీ ఉత్తరం చదివి పీట మీద నుంచి లేవలేకపోయాను. మీ అమ్మ వచ్చి "ఏమైంది?" అంటే "సంచి చిరిగింది" అన్నాను. "ఇంకోటి కొందాంలే" అంది. ఈ ఇంట్లో నా కష్టం అర్థం చేసుకునేవాళ్ళు ఇలా ఉన్నారు.

ముందు ఆ మొదటి ఉత్తరం చింపెయ్. మందు గురించి రాసిన ముక్క ఉంది చూడు, అది కనీసం రెండుసార్లు చింపు. నేను చెప్పలేదు, నువ్వు వినలేదు.

తర్వాత నీ శాస్త్రం నిజమో కాదో చూద్దామని బకెట్లో నీళ్ళు పోసి, గాజు గ్లాసు బోర్లించి అడుక్కంటా నొక్కాను. నీళ్ళు అంచు దాటి వెంట్రుకవాసి కూడా లోపలికి ఎక్కలేదు. హమ్మయ్య, పిల్ల ఏదో కోతలు కోస్తోంది అనుకున్నాను. మీ అమ్మ వచ్చి "బకెట్ లోతెంత, సముద్రం లోతెంత?" అని నా సంతోషం పాడు చేసింది.

అప్పుడు దాని సైకిల్ పంపు తీశాను. గొట్టం చివర బొటనవేలు అడ్డం పెట్టి పిడి నొక్కాను. సగం దాకా మర్యాదగా దిగింది. అక్కడినుంచి నన్నే పైకి తోస్తోంది. నొక్కేకొద్దీ దాని పొగరు పెరుగుతోంది. పంపు కూడా వెచ్చబడింది, నువ్వన్న వేడి ఇదేనేమో. ఇంకొంచెం నొక్కేసరికి వేలు జారి తుస్సుమంది, నేను గోడకి తగిలాను, పిల్లి ఇప్పటిదాకా ఇంటికి రాలేదు. ఇదంతా పిడికెడు గాలి చేసిన పని. అదే గాలి నీ గుండెల్లో ఉంటే?

ఇక అసలు మాట. అలవాటు ఎప్పుడో పోయిందా? నువ్వు ఊరెళ్ళిన రోజు బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నీ మొహం చూశాను. బుగ్గలు రెండూ ఉబ్బించి, ఊపిరి బిగపట్టి కూర్చున్నావు. నెలల పిల్లప్పటి నుంచీ భయమేస్తే నీ మొహం అదే. లేకపోతే నీకు ఆ పేరు ఊరికే వచ్చిందా? మాస్టారికి చెప్పు, నాకు చెప్పకపోయినా.

పుట్టినప్పటినుంచీ నీకు "నోరు మూసుకో" అని చెప్పినదాన్ని. ఇప్పుడు కాగితం పెట్టి రాసి మరీ చెబుతున్నాను, నోరు మూసుకోకు.

ఎంతసేపు బిగపట్టొచ్చో నేనూ చూద్దామనుకున్నాను. బిగపట్టగానే గరిటె కనపడలేదు, మీ అమ్మని అడగాల్సి వచ్చింది. మళ్ళీ బిగపట్టాను, వీధి తలుపు వేసిందో లేదో అడగాల్సి వచ్చింది. నావల్ల కాలేదు. అడిగేవి ఆగితే కదా ఊపిరి ఆగడానికి.

గాలి ఇంక పంపను. వచ్చెయ్.

మీ అమ్మమ్మ

*షెడ్డు వెనక మెట్ల మీద నుంచి*

సైకిల్ పంపు శాస్త్రవేత్తకి,

బస్సు కిటికీ శుభ్రంగా తుడిచినవాణ్ణి పట్టుకుని నాలుగు తన్నాలి.

సరే, నువ్వే గెలిచావు. పైకొచ్చేటప్పుడు మాస్టారు ఒడ్డున నిలబడి నీళ్ళ మీదికి వచ్చే బుడగలు చూస్తారు. ఊపిరి వదులుతూ వస్తే బుడగలు ఆగకుండా వస్తాయి. నావి ఆగాయి. ఒకసారి కాదు. అడుగున పని చేసేటప్పుడు బాగానే ఉంటాను. పైకి రమ్మని తాడు లాగగానే ఏదో గుబులు, నాకు తెలియకుండానే బుగ్గలు బిగుసుకుపోతాయి. వెంటనే ఆయన తాడు రెండుసార్లు గుంజి నన్ను ఉన్నచోటే ఆపేస్తారు.

నిన్న పలక మీద దిగేవాళ్ళ పేర్లలో నాది తుడిచేశారు. "పదిరోజులు లోతు తక్కువ చోట సాధన చెయ్. తర్వాత కూడా బుడగలు ఆగితే సామాను సర్దుకో. నీ వెల్డింగ్ నాకు నచ్చింది. నీ శవం నచ్చదు" అన్నారు. ఇంత తియ్యగా మాట్లాడేవాళ్ళు మన చుట్టాల్లో కూడా లేరు.

సంతోషమేనా? నీ "వచ్చెయ్" కింద మాస్టారి సంతకం కూడా పడేలా ఉంది.

నాకు మాత్రం రావాలని లేదు అమ్మమ్మా. అడుగున మొదటిసారి మంట వెలిగించినప్పుడు చుట్టూ ఉన్న మురికి నీళ్ళన్నీ పచ్చటి అద్దంలా వెలిగాయి. ఓడ పొట్ట మీద నేను వేసిన అతుకు చెయ్యి పెట్టి తడిమాను. అంత ఓడ దాని మీద ఆధారపడి తిరుగుతుంది. పైగా అక్కడ తిన్నావా, తల ఆరబెట్టావా అని ఎవరూ అడగరు. చాలా ప్రశాంతం.

బుడగ

*మళ్ళీ ముక్కాలి పీట మీద నుంచి*

ప్రశాంతమైన బుడగకి,

సంతోషమేనా అని అడిగావు. నిన్న సాయంత్రం దాకా సంతోషంగానే ఉన్నాను. నీ మంచం మీద దుప్పటి కూడా మార్చాను. తర్వాత ఆ ఓడ పొట్ట ముక్క మళ్ళీ చదివాను. ఎందుకు చదివానో? ఒకసారి చదివి ఊరుకుంటే సుఖంగా ఉండేది.

భయంలో పాట పాడుకోవచ్చని మీ అమ్మ రాయమంది. నీ గొంతు విన్న చేపల సంగతి ఆలోచించి వద్దన్నాను.

చెప్పు పట్టీ కుట్టించావా? పోయినసారి జవాబు నాకు నచ్చలేదు. మాత్ర వేసుకుంటున్నావా అని నన్నడుగుతావు, ఊరెళ్ళే ముందు నుంచీ ఉన్న ఆ దగ్గుకి మందు తీసుకున్నావా? పక్క మంచం పిల్లని నిద్రపోనిస్తున్నావా? కిటికీ వైపు తల పెట్టి పడుకోకు. అడిగితే ప్రశాంతత పోతుందన్నావు. అందుకే అడుగుతున్నాను.

వచ్చెయ్. అంటే, వాళ్ళు పంపితే వచ్చెయ్. పంపకపోతే కూడా వచ్చెయ్. నాకే తెలియడం లేదు ఏం రాయాలో.

మీ అమ్మమ్మ

*రేవు నుంచి*

పూజ్యులైన అమ్మమ్మ గారికి,

నమస్కారాలు. నేను ఇక్కడ క్షేమం. భోజనం బాగుంది. వాతావరణం బాగుంది. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోగలరు. అమ్మని అడిగినట్టు చెప్పగలరు.

ఇట్లు,
మీ మనవరాలు

*వీధి గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకుని*

ఏమైంది?

"గారు" ఏమిటే? ఎవరికి రాశావు ఈ ఉత్తరం, బ్యాంకు మేనేజరుకా? "చూసుకోగలరు", "చెప్పగలరు". మీ అమ్మ చదివి "చూడమ్మా, శిక్షణకి వెళ్ళాక ఎంత మర్యాద నేర్చుకుందో" అని మురిసిపోయింది. నేను చెప్పులు వేసుకున్నాను. నువ్వు నన్ను వెక్కిరించకుండా ఇరవై నాలుగేళ్ళలో ఒక్క ముక్క మాట్లాడలేదు. రెండో తరగతిలో చెయ్యి విరిగిన రోజు మాత్రం "బాగానే ఉన్నానండీ" అన్నావు. అప్పుడే అనుకున్నాను, ఎముక విరిగిందని.

అక్షరాలు కూడా వంకరపోయాయి. ఎక్కడ పడుకుని రాశావు?

జరిగింది జరిగినట్టు రాయి. దాచి పెట్టి నా బీపీ కాపాడదామనుకుంటే, అది ఇప్పటికే ఓడ జెండా దాకా ఎక్కింది. వారంలో జవాబు రాకపోతే నేనే బస్సెక్కి వస్తాను. వచ్చి ఆ పది మంది ముందు నీ జుట్టు నేనే తుడుస్తాను. ఆలోచించుకో.

అమ్మమ్మ

*రేవు ఆసుపత్రి, కిటికీ వైపు మంచం. అవును, కిటికీ వైపే తల.*

అమ్మమ్మా,

బస్సెక్కకు. నేను బాగానే ఉన్నాను, "అండీ" లేకుండానే అంటున్నాను చూడు. ఆ ఉత్తరంలో ఒక్క వెక్కిరింత రాసినా ఏడుపు వచ్చేలా ఉంది. అందుకే మర్యాదగా రాశాను. నువ్వు అదే పట్టుకుంటావని తెలిసి ఉండాల్సింది.

తక్కువ లోతు సాధన అయ్యాక మాస్టారు నా పేరు పలక మీద మళ్ళీ రాశారు. ఆఖరి అవకాశం. ఓడ కింద పద్దెనిమిది మీటర్ల లోతులో నేనూ, పక్క మంచం పిల్లా పని చేస్తున్నాం. తను ఓడకి అవతలి వైపు వెళ్ళింది. నీళ్ళు బురద బురదగా ఉన్నాయి. ఉన్నట్టుండి నోటి గొట్టంలో గాలి ఆగిపోయింది. పీలిస్తే ఏమీ రాలేదు. ట్యాంకు మూత దగ్గర ఏదో బిగుసుకుపోయిందని తర్వాత తేలింది. నా గుండెల్లో ఉన్న ఒక్క ఊపిరే మిగిలింది.

పైకి వెళ్ళాలి. వెంటనే బుగ్గలు బిగుసుకున్నాయి. అదొక్కటే ఊపిరి అమ్మమ్మా, దాన్ని వదలమంటే ప్రాణం ఎలా ఒప్పుకుంటుంది? సంచి చిరగడం నా కళ్ళతో చూశాను, అయినా నోరు తెరుచుకోలేదు. అప్పుడు ఎందుకో నీ గరిటె గుర్తొచ్చింది. అడిగేవి ఆగితే కదా ఊపిరి ఆగడానికి అన్నావు చూడు. అయితే నీకు జవాబు చెబుదాం అనుకున్నాను.

గొట్టం పళ్ళ మధ్య పెట్టుకునే మొదలుపెట్టాను. తిన్నాను అమ్మమ్మా. లేదు, జుట్టు తడిగానే ఉంది. పట్టీ ఇంకా కుట్టించలేదు, తిట్టుకో. దగ్గు తగ్గింది. బయటికి మాటలేం రాలేదు, బుడగలే వచ్చాయి. అవి ముందు, నేను వెనక.

విచిత్రం ఏంటో తెలుసా? ఊపిరి అయిపోలేదు. ఒక్క గుండెడు గాలి, చెప్పేకొద్దీ ఇంకా ఉంది. పైకి వెళ్ళేకొద్దీ నీళ్ళ ఒత్తిడి తగ్గుతోంది కదా, లోపలి గాలి కాళ్ళు చాపుకుంటోంది. అచ్చం నీ ప్రశ్నల్లాగే, ఒకటి వదిలితే ఇంకోటి తయారు. ఆఖర్న చెప్పడానికి జవాబులే అయిపోయాయి, గాలి మాత్రం మిగిలింది. చివరి రెండు మీటర్లూ నిన్ను తిట్టుకుంటూ వచ్చాను.

మాస్టారు నన్ను పడవలోకి లాగి, "బుడగలు ఒక్కసారి కూడా ఆగలేదు. ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నారు. "మా అమ్మమ్మతో సార్" అన్నాను. ఆయన "ఆ వంటింటావిడేనా?" అన్నారు.

డాక్టరు గుండెల ఫోటో తీయించి అంతా బాగుందన్నారు. అయినా వారం రోజులు చూడాలని ఉంచారు, ఎల్లుండి పంపేస్తారు. పలక మీద నా పేరు తుడవలేదట. సోమవారం మళ్ళీ దిగుతాను. కోపమొస్తే రాయి. రాకపోయినా రాయి.

బుడగ

*వంటింటి కిటికీ పక్క నుంచి*

బుడగకి,

చదివాను. మీ అమ్మ చేత కూడా పైకి చదివించుకున్నాను. సగంలో కాగితం నా చేతిలో పెట్టేసింది, మిగతాది నేనే చదివి దానికి వినిపించాను. ఏం చేస్తుందో దానికి తెలుసు అందిగా, తనకేం చేయాలో మాత్రం తెలియలేదు పాపం.

ఇరవై నాలుగేళ్ళు నా మాటలు నస అన్నారు ఈ ఇంట్లో. గోల అన్నారు. రేడియో అన్నారు. ఇప్పుడు అవే ప్రాణం నిలబెట్టాయని తెలిసింది కాబట్టి ఇకమీదట నేను మాట్లాడుతుంటే ఎవరూ లేచి వెళ్ళకూడదని చెప్పాను. మీ అమ్మ "సరే" అని లేచి వెళ్ళింది.

కోపం ఉంది. అది విడిగా రాస్తాను, దానికి పెద్ద కాగితం కావాలి.

సోమవారానికి అందేలా ఇవి పంపుతున్నాను. పాతవన్నిటికీ జవాబులు చెప్పేశావుగా, పైకొచ్చేటప్పుడు చాలక అవస్థ పడతావు. తిరిగొచ్చిన పిల్లికి మూడు పిల్లలు పుట్టాయి, వాటికి ఏం పేర్లు పెట్టమంటావు? ఒక్కోదానికీ విడిగా చెప్పు. నీ నీలం చొక్కా మెడ దగ్గర చిరిగింది, కుట్టనా, మసిగుడ్డ చేయనా? ఆ మాస్టారికి పెళ్ళయిందా, అయితే ఆవిడ ఎలా భరిస్తోంది? వంటింటి గోడకి ఏ రంగు వేయిద్దాం? నన్ను తిట్టుకున్నానన్నావే, ఏమని తిట్టావు? పొల్లు పోకుండా చెప్పు.

వీటికి ఉత్తరంలో జవాబు రాయకు. ఒడ్డున చెప్పి గాలి వృథా చేయకు. దాచుకుని పైకొచ్చేటప్పుడు నీళ్ళలో చెప్పు. ఎంత లోతుకి ఎన్ని ప్రశ్నలు పడతాయో మాస్టారిని అడిగి రాయి, సరుక్కి లోటు లేదు. పక్క మంచం పిల్లకి అడిగేవాళ్ళు ఎవరూ లేకపోతే చెప్పు, తనకీ పంపుతాను.

చెప్పు పట్టీ కుట్టించు. ఇది మాత్రం ఒడ్డునే.

ఉత్తరం చివర ఎప్పుడూ రాసే ఆ మాట ఈసారి రాయడం లేదు. కాగితంలో చోటు లేదు, అంతే. ఇంకేదో అనుకునేవు.

మీ అమ్మమ్మ